జైల్లో ఉన్న అక్క ‘ఇక రావద్దు’ అంటోంది

ప్రశ్న: మా అక్కకు మూడేళ్ల శిక్ష పడింది. లోపలికి వెళ్లి నాలుగు నెలలైంది. తన బ్యారక్‌లో మా భాష వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. వేరే జాతుల ఆడవాళ్లు జట్లుగా, నవ్వుతూ కనిపిస్తారు. అక్క మాత్రం ములాఖత్‌లో తల వంచుకుని కూర్చుంటుంది. ‘ఇక రావద్దు, పాపను అసలు తేవద్దు’ అంటోంది. ఏడేళ్ల పాపకి అమ్మ ఊరెళ్లిందని చెప్పాం. ‘మనవాళ్లకి ఓర్పు తక్కువ’ అంటుంది అమ్మ. నిజమేనా?
– ఒక చెల్లెలు

జవాబు: నిజం కాదు. ఓర్పు జాతిని బట్టి రాదు. ఆ నవ్వే ఆడవాళ్లకు ఉండి మీ అక్కకు లేనిది, తన భాషలో కాసేపు మాట్లాడుకునే తోడు. అయినా ఆ నవ్వుల్ని పూర్తిగా నమ్మకండి. ఏడిస్తే అలుసైపోతామని నవ్వు తెచ్చిపెట్టుకునేవాళ్లు జైల్లో చాలామంది ఉంటారు.

1960లలో అమెరికాలోని ఒక మహిళా జైలును అధ్యయనం చేసిన సామాజిక శాస్త్రవేత్త రోజ్ జియాలంబార్డో, అక్కడి ఖైదీలు ఒకరికొకరు తల్లీ కూతుళ్లుగా, అక్కచెల్లెళ్లుగా వరసలు కలుపుకుని బతకడం గమనించారు. మాటే కలవని మనిషికి అలాంటి వరస కుదరడానికి టైం పడుతుంది. ప్యాడ్లు ఎవర్ని అడగాలో, ఏ నియమం తప్పితే ఏమవుతుందో కూడా తెలియక రోజంతా టెన్షన్ పడుతూ ఉండవచ్చు. పెద్దగా ఏడ్చే మనిషి బాధ సిబ్బందికి ఇట్టే తెలుస్తుంది. తల వంచుకుని ఉండటమే మర్యాదని పెరిగిన మనిషి మౌనాన్ని మాత్రం పొగరనుకుంటారు, లేదా ‘ఈమెతో ఏ గొడవా లేదు’ అని వదిలేస్తారు. నాకు ఈ రెండోదంటేనే ఎక్కువ భయం.

ఐక్యరాజ్యసమితి 2010లో మహిళా ఖైదీల కోసం బ్యాంకాక్ నియమాలను ఆమోదించింది. జైలు నిబంధనల్ని ఖైదీకి అర్థమయ్యే భాషలో చెప్పాలని, వేర్వేరు మత, సాంస్కృతిక నేపథ్యాలున్న ఆడవాళ్ల అవసరాలు వేరుగా ఉంటాయని గుర్తించాలని, పిల్లలు వచ్చినప్పుడు తల్లి వాళ్లని దగ్గరికి తీసుకునే వీలుండాలని అవి చెబుతాయి. ఇవి చట్టం కాకపోయినా, సూపరింటెండెంట్‌కి రాసే అర్జీలో ప్రస్తావించండి. మీ భాష వచ్చిన ఖైదీ వేరే బ్యారక్‌లో ఉంటే అక్కను అక్కడికి మార్చమని కూడా అడగండి.

ఇక ‘రావద్దు’ అన్న మాట. చాలాసార్లు అది సిగ్గుతో వచ్చే మాట. ములాఖత్‌కి ముందూ వెనకా జరిగే ఒంటి తనిఖీ, మీరు వెళ్లిపోయాక గడవని ఆ సాయంత్రం కూడా కారణం కావచ్చు. ‘నేను వచ్చి వెళ్తే నీకు ఇంకా కష్టంగా ఉంటోందా?’ అని సూటిగా అడగండి. అవునంటే కొన్నాళ్లు ఉత్తరాలు రాయండి, పూర్తిగా మానేయొద్దు. ‘ధైర్యంగా ఉండు’ అని మాత్రం రాయకండి. పాపను ఏ క్లాసులో వేయాలి, జుట్టు కత్తిరించాలా వద్దా, జ్వరం వస్తే ఏం పెట్టాలి అని అడగండి. తల్లిగా తన మాట ఇంకా చెల్లుతోందని ఆమెకు తెలియాలి.

పాపకి చెప్పిన అబద్ధం ఎక్కువ కాలం నిలవదు. బడిలో ఎవరో ఒకరు అనేస్తారు. పాపను తీసుకెళ్లాలా వద్దా అన్నది తర్వాత అక్కతో తేల్చుకోవచ్చు. ముందైతే ‘అమ్మ ఒక తప్పు చేసిందని కోర్టు చెప్పింది, అందుకే జైల్లో ఉంది, ఇందులో నీ తప్పేం లేదు’ అని మీరే చెప్పండి. అమ్మగారు ఒప్పుకోకపోవచ్చు, అయినా చెప్పండి.

అక్క తిండి మానేసినా, నిద్ర పట్టడం లేదన్నా, తన వస్తువులు ఇతరులకి పంచేస్తున్నా, ‘నేను లేకపోతేనే పాపకి మంచిది’ అన్నా అది మౌనం లాంటిది కాదు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా సరే, ఆ రోజు జైలు గేటు దాటకముందే జైలు డాక్టరుకి, సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా ఇచ్చి రండి.