పాపని చూసుకునే మనిషిని కుదుర్చుకునేటప్పుడు

చిన్నీకి,

పెద్దమ్మ ఆశీస్సులు. పాపకి ముద్దులు.

"సెలవు అయిపోవస్తోంది, పనమ్మాయి ఎవరైనా ఉంటే చూడు పెద్దమ్మా" అన్నావు కదా, చూస్తాను. కానీ మనిషి దొరికేలోగా, నీకు ఏ పనికి మనిషి కావాలో నువ్వు తేల్చుకోవాలి. ఫోన్లో చెబితే సగంలో పాప ఏడుస్తుంది, అందుకే రాస్తున్నా. నింపాదిగా చదువు.

అంట్లకీ పాపకీ ఒకే మనిషిని పెట్టకు. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. పాప పడుకున్నప్పుడు గిన్నెలు తోమేస్తుందిలే, ఇల్లు ఊడ్చేస్తుందిలే అని అందరికీ అనిపిస్తుంది. ఆరునెలల పిల్ల ఎప్పుడు పడుకుంటుందో, ఎప్పుడు లేస్తుందో కన్నతల్లివి నీకే తెలీదు. సింకు దగ్గర కొళాయి తిప్పి గిన్నెలు తోముతున్న మనిషికి, లోపల పాప దొర్లుకుంటూ మంచం అంచుకి వచ్చిన సంగతి ఎలా తెలుస్తుంది? ఇంకోటి కూడా ఉంది. సాయంత్రం నువ్వు అలిసిపోయి వచ్చేసరికి నీ కంటికి ఆనేవి మిగిలిపోయిన గిన్నెలే. రోజంతా పాపని చంకనేసుకుని ఆడించింది నీకు కనపడదు. గిన్నెల కోసం నువ్వు ఒక్కసారి మొహం చిట్లించావా, మర్నాటి నుంచి ఆవిడ పాపని పడుకోబెట్టేసి గిన్నెల సంగతే చూస్తుంది. తప్పు ఆవిడది కాదు, దేనికి మాట పడుతుందో ఆ పనే ముందు చేస్తుంది ఎవరైనా.

అంట్లు తోమడానికీ, ఊడ్చి తడిగుడ్డ పెట్టడానికీ పొద్దున ఓ గంట వచ్చి వెళ్ళే మనిషిని పెట్టుకో. పాపని చూసే ఆవిడకి పాప పనులే: స్నానం, ఉగ్గు కాచడం, పాప గిన్నెలు, పాప బట్టలు. ఇద్దరికీ ఇవ్వడం కష్టమైతే వంటమనిషిని మానుకో. కుక్కరు నువ్వు కాకపోతే మీ ఆయన పెడతాడు.

వెతకడం ఇవాళే మొదలుపెట్టు. ఆఫీసుకి వెళ్ళడానికి నెల ముందే ఆవిడ పనిలో చేరాలి. వాచ్‌మన్ భార్యని అడుగు, మీ బ్లాకులో ఏళ్ళ తరబడి చేస్తున్నవాళ్ళని అడుగు. వాళ్ళు తెచ్చిన మనిషికి వాళ్ళ మాట కూడా జత ఉంటుంది. పనిమనుషుల్ని కుదిర్చి పంపే బ్యూరో వాళ్ళయితే నువ్వు కట్టేదాంట్లో ఆవిడ చేతికి ఎంత వెళ్తుందో, మధ్యలో మానేస్తే ఎన్నాళ్ళలో ఇంకొకరిని పంపిస్తారో కాగితం మీద రాయించుకో.

వచ్చిన మనిషిని జీతం ఎంత కావాలని అడిగేముందు రెండు సంగతులు కనుక్కో. ఒకటి, ఎక్కడుంటుందో. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం అయ్యాక దూరం నుంచి కూడా వస్తామంటున్నారు. ఛార్జీ తప్పింది, ట్రాఫిక్ తప్పలేదు. వానాకాలంలో కొండాపూర్ రోడ్డు ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. తొమ్మిదింటికి నువ్వు లాగిన్ అవ్వాలంటే నడిచి వచ్చే మనిషైతేనే మేలు.

రెండోది, ఆవిడ పిల్లల్ని ఎవరు చూస్తున్నారో. చాలామంది ఇది అడగరు. మూడేళ్ళ పిల్లాడు ఇంట్లో ఒక్కడే ఉంటే ఆవిడ మనసు మీ ఇంట్లో ఎలా నిలుస్తుంది? వాడికి జ్వరం వచ్చిన ప్రతిసారీ నీకు నాగా. అంగన్‌వాడీకి పంపుతోందా, అత్తగారు చూస్తున్నారా, బడి వదిలే టైముకి ఎవరు వెళ్తారు, కూర్చోబెట్టి అడుగు. ఆవిడ పిల్లలకి ఏర్పాటు లేకపోతే నీ పిల్లకీ లేనట్టే. ఆవిడ మూడున్నరకి బడికెళ్ళి కొడుకుని తెచ్చుకోవాలంటే, ఆ అరగంట నువ్వు ఇంటి నుంచి పనిచేసే రోజులకి సర్దుకో, లేదా ఆ బాబుని మీ ఇంటికే తెచ్చుకోమను. హాల్లో కూర్చుని హోంవర్క్ చేసుకుంటాడు, నష్టమేముంది?

"మా ఊరి నుంచి చిన్నపిల్లని పంపిస్తాం, పాపని ఆడిస్తూ ఉంటుంది" అని ఎవరైనా అంటే మాత్రం అక్కడే వద్దనెయ్. ఇళ్ళల్లో పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని పనికి పెట్టుకోకూడదని 2006 అక్టోబరు నుంచే నిషేధం ఉంది. 2016 సవరణతో శిక్ష ఆరునెలల నుంచి రెండేళ్ళ జైలు దాకా, జరిమానా 20,000 నుంచి 50,000 దాకా పెరిగింది. చట్టం సంగతి అలా ఉంచు. బడికెళ్ళాల్సిన పిల్ల మన పిల్లని ఎత్తుకుని తిరుగుతుంటే మన ఇంట్లో అన్నం ఎలా సహిస్తుంది? పద్దెనిమిది నిండినవాళ్ళనే పెట్టుకో, ఆధార్‌లో పుట్టిన తేదీ చూడు. ఒక జిరాక్సు, ఫొటో, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరు నీ దగ్గర పెట్టుకో. పోలీసు వెరిఫికేషన్‌కి ఇస్తున్నట్టయితే ఆవిడకి ముందే చెప్పి ఇవ్వు.

చేరాక మొదటి వారం నువ్వు ఇంట్లోనే ఉంటావు కాబట్టి చెయ్యి చూడు, మాట కాదు. మాటలు బాగా వచ్చినవాళ్ళందరికీ పిల్లలు రారు. లోపలికి వస్తూనే పాపని అందుకుంటుందా, ముందు చేతులు కడుక్కుంటుందా? పిన్నీసులు గాజులకి గుచ్చుకుని ఉంటే తీసి పక్కన పెడుతుందా? ఉగ్గు గిన్నె తీసుకుని ముందు తన మణికట్టు మీద ఓ చుక్క వేసుకుంటుందా? పాప నోరు బిగిస్తే బుగ్గలు నొక్కి పెడుతుందా, కాసేపు ఆగి కాకిని చూపించి మళ్ళీ పెడుతుందా? ఏడ్చినప్పుడు మొదట చేసే పని ఫోన్ చూపించడమా, ఎత్తుకోవడమా? ఇవన్నీ రెండు రోజుల్లో తెలిసిపోతాయి. రెండోవారం నువ్వు గంట, తర్వాత రెండు గంటలు బయటికి వెళ్ళిరా. పాపకీ అలవాటవుతుంది, నీకూ గుండె దిటవవుతుంది.

పాల సంగతి ఆవిడకి నోటితో చెప్పి ఊరుకోకు, దగ్గరుండి చేయించి చూపించు. నువ్వు పిండి ఉంచిన తల్లిపాలు ఫ్రిజ్‌లో నాలుగు రోజుల దాకా ఉంటాయి. బయట 25 డిగ్రీల లోపు చల్లని గదిలో అయితే నాలుగు గంటలు, మన ఎండల్లో అంతసేపు అసలు ఉంచొద్దు. సీసాని వేడినీళ్ళ గిన్నెలో పెట్టి వెచ్చబెట్టాలి, మైక్రోవేవ్‌లో కాదు. తాగి వదిలేసిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాలి. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు. ఇది గట్టిగా చెప్పు, ఎందుకంటే మన పెద్దవాళ్ళే నాకిస్తారు. జ్వరం మందు నీకు ఫోన్ చెయ్యకుండా వెయ్యకూడదు. ఇవి తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించు. చదవడం రాకపోతే రోజూ పొద్దున ఒక్కసారి అనుకోండి ఇద్దరూ.

మీ అత్తగారు వచ్చి ఉన్న రోజుల్లో ఎవరి మాట వినాలో ముందే అనుకోండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఆవిడ ఎవరికీ సమాధానం చెప్పలేక మానేస్తుంది.

ఇక జీతం. మీ అపార్ట్‌మెంట్లో మూడు నాలుగిళ్ళలో అడిగితే రేటు తెలుస్తుంది. అందులో తక్కువది పట్టుకుని బేరమాడకు. నువ్వు ఉద్యోగానికి వెళ్ళగలిగేది ఆవిడ వస్తేనే. చేరిన రోజే మీ ఆయన్ని కూడా కూర్చోబెట్టి మాట్లాడు: ఎన్నింటికి రావాలి, ఎన్నింటికి వెళ్ళాలి, నీ మీటింగు సాగి ఆలస్యమైతే గంటకి ఎంత అదనం, వారానికి ఒకరోజు సెలవు, నెలకి ఎన్ని నాగాలకి జీతం కొయ్యవు. ఒకటో తారీఖు దాటకుండా ఇవ్వు. మీరే ఊరెళ్ళి తలుపు తాళం పెట్టుకుంటే ఆ రోజులకి కోయకు. రావడానికి ఆవిడ సిద్ధంగానే ఉంది కదా. దసరాకి ఒక నెల జీతం బోనస్ అని ముందే చెప్పెయ్. సంక్రాంతికి ఊరెళ్తుంది, బోనాలకి రాదు, ఆ రోజులు ఇప్పుడే క్యాలెండర్లో గుర్తు పెట్టుకుని మీరిద్దరూ సెలవులు పంచుకోండి.

అడ్వాన్స్ అడుగుతుంది. జూన్‌లో తప్పకుండా అడుగుతుంది, బళ్ళు తెరుస్తారు. ఇవ్వు. నెలకి ఎంత పట్టుకోవాలో ఆవిడనే చెప్పమను, ఓ నోటుపుస్తకంలో ఇద్దరి ముందూ రాయి. డబ్బు ఫోన్లో వేస్తే ఆ నంబరు ఎవరి అకౌంటుదో కనుక్కో. చాలా ఇళ్ళల్లో అది మగడిది. ఆవిడకి చేతికే కావాలంటే చేతికే ఇవ్వు.

బాత్రూమ్ ఏదో మొదటిరోజే చూపించు. తొమ్మిది గంటలు ఉండే మనిషి అడగడానికి మొహమాటపడి నీళ్ళు తాగడం మానేస్తుంది. బాల్కనీ గూట్లో వేరుగా బోర్లించిన స్టీలు గ్లాసు చాలా ఇళ్ళల్లో చూస్తాను, చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుంటుంది. నీ పిల్లకి అన్నం కలిపి పెట్టే చెయ్యి అది. మీరు తాగే గ్లాసులోనే ఇవ్వు, మీరు తినేదే పెట్టు, మధ్యాహ్నం అది చల్లారిపోకుండా టైముకి తిననివ్వు. లిఫ్టు ఎక్కొద్దని మీ అసోసియేషన్ వాళ్ళు అంటే మీటింగులో లేచి మాట్లాడు. పాపని ఎత్తుకుని తొమ్మిదో అంతస్తుకి మెట్లెక్కుతుందా?

కెమెరా పెట్టుకుంటే హాల్లో పెట్టుకో, పెట్టానని చెప్పు. బీరువా తాళం నీ దగ్గర ఉంచుకో. ఏదైనా కనపడకపోతే ఇల్లంతా వెతికాకే నోరు విప్పు, ఒకసారి అన్నమాట వెనక్కి రాదు.

ఎంత మంచి మనిషైనా రాలేని రోజు ఉంటుంది. మీ ఆఫీసులో యాభైమందో అంతకన్నా ఎక్కువమందో ఉంటే క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలని, రోజుకి నాలుగుసార్లు తల్లి వెళ్ళి చూసి రావచ్చని 2017 ప్రసూతి చట్టం సవరణతో నిబంధన వచ్చింది. నీకు 26 వారాల సెలవు వచ్చింది కూడా దానివల్లే. హెచ్ఆర్ వాళ్ళని మెయిల్లో అడుగు, నోటిమాటగా కాదు.

మూడు నెలలు గడిచి ఇద్దరికీ కుదిరిందనిపించాక ఆవిడని తీసుకుని బ్యాంకుకి ఒకసారి వెళ్ళు. ప్రమాద బీమా, సురక్షా బీమా యోజన, ఏడాదికి 20 రూపాయలే, 2 లక్షలకి. జీవిత బీమా, జీవన్ జ్యోతి, ఏడాదికి 436 రూపాయలు, అదీ 2 లక్షలకే, కానీ చేరేటప్పటికి వయసు యాభైకి మించకూడదు. రెండూ నువ్వే కట్టు. ఏటా మే నెలాఖరున ఆవిడ ఖాతాలోంచి డబ్బు పట్టుకుంటారు, అప్పటికి అందులో ఆ మొత్తం ఉండేలా నువ్వే గుర్తుపెట్టుకుని వెయ్యి. నామినీగా పిల్లల పేరు రాయించుకుంటుందేమో అడుగు, ఫారం నువ్వు నింపు.

ఉంటాను,
పెద్దమ్మ