డెన్మార్క్ టేకు బల్లకు చిత్రిక పట్టవచ్చా?

ప్రశ్న: ఓడలో ఉద్యోగం చేసిన మా పెదనాన్నగారు 1960లలో డెన్మార్క్ నుంచి తెచ్చిన చిన్న సైడ్ టేబుల్ ఇప్పుడు మా ఇంటికి వచ్చింది. అడుగున ‘మేడ్ ఇన్ డెన్మార్క్’ అనే ముద్ర ఉంది. పైన వేడి గ్లాసులు పెట్టిన తెల్లటి వలయాలు పడ్డాయి. ఇదీ మన ఆలాపల్లి టేకులాంటిదేనని, చిత్రిక పట్టి మెలమిన్ పాలిష్ వేస్తే కొత్తదైపోతుందని మా వడ్రంగి అంటున్నాడు. వేయించమంటారా?
– ఒక పాఠకురాలు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: అమ్మా, దయచేసి ఆ బల్ల మీద చిత్రిక పెట్టనివ్వకండి. చెట్టు జాతి విషయంలో మీ వడ్రంగి మాట నిజమే. అయితే డెన్మార్క్‌లో టేకు పెరగదు. అక్కడి కార్ఖానాలకు అది ఎక్కువగా థాయిలాండ్ వంటి ఆగ్నేయాసియా దేశాల నుంచి ఓడల మీద చేరేది. కోపెన్‌హాగన్ వడ్రంగుల సంఘం 1927 నుంచి 1966 వరకు ఏటా ప్రదర్శనలు జరిపింది. వాటిలో పాల్గొన్న ఫిన్ యూల్ వంటి రూపకర్తలు టేకు సామానుకు గొప్ప ఆదరణ తెచ్చారు.

అంత దూరం నుంచి వచ్చిన కలపను వారు పొదుపుగా వాడుకున్నారు. మన ద్వారబంధాలు, మంచాలు నిలువెల్లా టేకే కనుక ఎన్నిసార్లు చిత్రిక పట్టినా లోపల టేకే కనిపిస్తుంది. ఆ బల్లల్లో చాలావాటికి కాళ్లు, అంచుపట్టీలు మాత్రమే అసలు టేకు. పైభాగం వేరే చెక్క మీద అతికించిన పలుచని టేకు పొర, అంటే వెనీర్. అది సాధారణంగా మిల్లీమీటరు మందం కూడా ఉండదు, కనుక చిత్రిక ఒకటి రెండుసార్లు నడిస్తే లోపలి చెక్క బయటపడుతుంది, ఆ పొరను తిరిగి తెచ్చుకోలేము. మీ బల్లను వెలుతురులో తిరగేసి చూడండి: పైనున్న చారలకూ అడుగు చారలకూ పొంతన లేకపోయినా, అంచు దగ్గర చారలు ఆగి వేరే పట్టీ మొదలైనా అది వెనీరే.

మెలమిన్ కూడా వద్దనే చెబుతాను. ఆ కాలపు టేకు బల్లలు చాలావాటికి నూనె మాత్రమే పట్టించారు. చేయి వేస్తే చెక్క స్పర్శ తెలియడమే వాటి అందం, మెలమిన్ దాని మీద గాజులాంటి పొర కప్పేస్తుంది. మీది నూనె బల్లే అయితే, అతి సన్నని స్టీల్ ఊల్‌ను (ఉక్కు పీచును) కొద్దిగా అవిసె నూనెలో ముంచి, చారల వెంట, ఏమాత్రం ఒత్తిడి లేకుండా వలయాల మీద రుద్దండి. ముందు కనిపించని మూలలో చేసి చూసుకోండి. పావుగంట తరువాత మిగిలిన నూనెను పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేయండి. ఆ నూనెగుడ్డను మాత్రం ఉండచుట్టి పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పగా ఉన్న గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. ఆరుబయట పరచి ఆరవేయండి, లేదా నీళ్లలో నానబెట్టండి.

వేసవిలో మీ ప్రాంతంలో కూలర్ లేని ఇల్లు అరుదు కదా. ఆ తడిగాలి నేరుగా తగిలే చోట ఈ బల్లను ఉంచవద్దు. పగలు తడి, ఆపగానే పొడి అయితే వెనీర్ అంచులు లేస్తాయి. లేచిన చోట మేకు కొట్టించకుండా, కలప జిగురు పూసి, పైన కాగితం వేసి, బరువు పెట్టి ఒక రాత్రి వదిలేయించండి. అడుగున ఉన్న ముద్ర మీద నూనె గాని, రంగు గాని పడకుండా చూసుకోండి.