ఉపవాసం చేస్తే కీళ్లవాతం మందులు మానేయొచ్చా?

ప్రశ్న: మాది రాయగడ. వయసు 46, బరువు 52 కిలోలు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు రెండేళ్లుగా వారానికోసారి మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా., రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ 200 మి.గ్రా. వాడుతున్నాను. మూడు రోజులు నీళ్లతోనే ఉంటే కణాలు తమలోని చెత్తను తామే తినేసి వాపులు పోతాయని, మందులు అక్కర్లేదని వీడియోల్లో చెబుతున్నారు. కార్తీకంలో మొదలుపెట్టనా?

– ఓ పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. మందులూ మానకండి, మూడు రోజుల నీళ్ల ఉపవాసమూ చేయకండి.

వీడియోల్లో చెప్పే ఆ ప్రక్రియ నిజంగానే ఉంది. పేరు ఆటోఫజీ. కణం తనలో పాడైన భాగాలను పొరతో చుట్టి, లైసోజోమ్ అనే ఆమ్లపు తిత్తిలో కరిగించి, వచ్చిన పదార్థాన్ని మళ్లీ వాడుకుంటుంది. మాక్రోఫేజుల వంటి రోగనిరోధక కణాల్లో ఇది కుంటుపడితే, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాల్లో పాడైనవి పేరుకుపోతాయి. వాటి నుంచి బయటపడే డీఎన్ఏ, ఆక్సిజన్ రాడికల్స్ వల్ల ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 ఇన్‌ఫ్లమసోమ్ అనే, వాపును రేపే ప్రొటీన్ల గుంపు మేల్కొంటుంది. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే సంకేత ప్రొటీన్ విడుదలై వాపు రేగుతుంది.

ఆ వీడియోలు చెప్పనిది ఒకటుంది. మీ జబ్బులో ఎముకను తినేసే ఆస్టియోక్లాస్ట్‌లు, కీలు లోపలి పొరలో మందంగా పెరిగే కణాలు, యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు కూడా ఇదే ఆటోఫజీ సాయంతో బతుకుతాయి. పైగా మీరు రోజూ వేసుకునే హైడ్రాక్సీక్లోరోక్విన్ లైసోజోమ్‌లో ఆమ్లాన్ని తగ్గించి, ఈ ప్రక్రియకు అడ్డుపడుతుంది. అయినా కీళ్లవాతానికి అది మంచి మందే. ఆటోఫజీ ఎంత పెరిగితే అంత మేలన్న మాట మీ విషయంలో నిలవదు. జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది ఈస్ట్ కణాల్లో దీని గుట్టు విప్పినందుకే గానీ, ఉపవాసంతో కీళ్లవాతం నయం చేసినందుకు కాదు. ఇన్ని గంటలకు మొదలవుతుంది, ఇన్ని గంటలకు పూర్తవుతుంది అని చెప్పే అంకెలకు మనుషుల్లో గట్టి ఆధారం లేదు.

నా అసలు భయం మెథోట్రెక్సేట్ గురించే. అది ఎక్కువగా మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. తిండి, ఉప్పు లేక ఒళ్లు ఎండితే రక్తంలో మందు నిలిచిపోయి ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. ఖాళీ కడుపున డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ల కూడా పడితే పుండు, రక్తస్రావం, కిడ్నీ దెబ్బ.

కార్తీక సోమవారం ఒంటిపూట ఉండాలనుకుంటే ఉండండి. నీళ్లు మానొద్దు, పగలు చోడి అంబలో మజ్జిగో తాగండి. మెథోట్రెక్సేట్ వేసుకునే రోజు మాత్రం సోమవారం కాకూడదు, అది వేసుకున్న మర్నాడు కూడా ఉపవాసం ఉండొద్దు. ఫోలిక్ యాసిడ్ ఎప్పటిలాగే వేసుకోండి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

రెండు మూడు నెలలకోసారి సీబీసీ (రక్తకణాల లెక్క), ఎస్‌జీపీటీ (కాలేయానికి), క్రియాటినిన్ (కిడ్నీలకు) పరీక్షలు చేయించండి. వీటికి విశాఖ వెళ్లక్కర్లేదు, రాయగడలోనే అవుతాయి. హైడ్రాక్సీక్లోరోక్విన్ మోతాదు కిలోకు 5 మి.గ్రా. దాటకూడదు, మీ బరువుకు 260 వరకు వస్తుంది కాబట్టి 200 సరిపోతుంది. మొదలుపెట్టినప్పుడు రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష జరగకపోతే ఇప్పుడు చేయించండి, అయిదేళ్లు దాటాక ఏటా తప్పనిసరి.

మీది మలేరియా ప్రాంతం. హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నాను కదా, మలేరియా రాదులే అనుకోకండి. జ్వరం వస్తే అదే రోజు ఆశా కార్యకర్త దగ్గర కిట్‌తో పరీక్ష చేయించుకుని, డాక్టరును అడిగేదాకా ఆ వారం మెథోట్రెక్సేట్ ఆపండి. నోటిపూత, పొడిదగ్గుతో ఆయాసం, చర్మంపై ఎర్ర చుక్కలు, కళ్లు పచ్చబడటం – వీటిలో ఏది కనిపించినా మెథోట్రెక్సేట్ ఆపి, మందుల చీటీ పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.