వానాకాలంలో స్కూటర్ స్టార్ట్ కాకపోతే కార్బొరేటర్ విప్పే ముందు ఏం చూడాలి?

అడిగింది ఇది: ఉండేది ఒడిశాలోని పర్లాకిమిడి. బండి 2018 నాటి 110 సీసీ స్కూటర్, కార్బొరేటర్ (పెట్రోలుని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) రకం, 40 వేల కిలోమీటర్లు దాటింది. రోజూ పాతపట్నం వెళ్లి రావడం, అప్పుడప్పుడు తప్తపాణి ఘాట్ మీదుగా బరంపురం. రాత్రి వాన పడితే పొద్దున్న స్టార్ట్ కాదు, స్టార్ట్ అయినా ఎక్కుడులో లాగదు, ముందు బ్రేక్ కీచుమంటుంది. మెకానిక్ వెళ్లిన ప్రతిసారీ కార్బొరేటర్ విప్పి కడుగుతున్నాడు, వారంలో మళ్లీ మామూలే. ఇంట్లో మనం ఏం చేసుకోవచ్చు?

నా ఉద్దేశంలో మీ బండి జబ్బు కార్బొరేటర్‌ది కాదండీ, నీళ్లది. కార్బొరేటర్ కడిగినప్పుడు అడుగున చేరిన నీళ్లు కూడా పోతాయి కాబట్టి నాలుగు రోజులు బాగుంటుంది. ఆ నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో ఎవరూ చూడకపోవడంతో మళ్లీ మొదటికొస్తుంది. మన గజపతి, గంజాం, రాయగడ వైపు జూన్ నుంచి అక్టోబరు దాకా బండిలో ఏ తేడా వచ్చినా ముందు నీటినే అనుమానించాలి. సముద్రం ఒడ్డున గోపాల్‌పూర్ దగ్గర ఉండేవాళ్లకి ఉప్పుగాలి అదనం.

పొద్దున్న స్టార్ట్ కానప్పుడు పానా పట్టుకోకముందే హారన్ కొట్టండి. హారన్ నీరసంగా మోగి, సెల్ఫ్ నొక్కితే కటకటమని ఆగిపోతే బ్యాటరీ సంగతి చూడాలి. అలాంటప్పుడు కిక్కుకి బండి స్టార్ట్ అవుతుంది. కిక్కుకీ లేవకపోతే స్పార్క్ ప్లగ్ (పెట్రోలుని అంటించే నిప్పురవ్వ ఇచ్చేది) దగ్గరికి వెళ్లాలి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం తిరుగుడు తగ్గుతుంది.

బ్యాటరీకి 200, 300 రూపాయల చిన్న డిజిటల్ మీటర్ చాలు. బండి రాత్రంతా ఆగి ఉన్నాక 12.6 వోల్టులు, ఆ పైన ఉంటే బాగున్నట్టు. 12.2 కంటే దిగితే ఛార్జింగ్ పెట్టాలి. ఇంజిన్ నడుస్తుండగా ఎక్సలరేటర్ కొంచెం తిప్పితే 14 వోల్టుల చుట్టుపక్కల చూపించాలి. అప్పుడూ 12 దగ్గరే ఉండిపోతే లోపం బ్యాటరీలో లేదు, ఛార్జింగ్ లైనులో ఉంది. కొత్త బ్యాటరీ కొన్నా నెలలో అదే కథ. ఇంకో మాట. ఈ స్కూటర్లలో ఉండేది 3 లేదా 4 ఏహెచ్ (ఆంపియర్ అవర్) చిన్న బ్యాటరీ. దానికి 0.3, 0.4 ఆంపియర్ల ఛార్జింగే పెట్టాలి. దుకాణంలో కారు బ్యాటరీల వరసలో కలిపేస్తే ఉబ్బిపోతుంది. ముందే చెప్పి పెట్టించండి. టెర్మినల్ మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే మైనస్ వైరు ముందు విప్పి, సోడా ఉప్పు కలిపిన వేడినీళ్లలో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, గుడ్డతో పూర్తిగా తుడిచి, వేజలిన్ పల్చగా రాయండి. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర.

ఇక ప్లగ్. చాలా మోడళ్లలో సీటు కింద ముందు భాగంలో చిన్న మూత ఉంటుంది, అది తీస్తే చెయ్యి దూరుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే విప్పాలి. హెడ్డు అల్యూమినియం, వేడి మీద తిప్పితే మర అరిగిపోతుంది. ఆ మర మళ్లీ వేయించాలంటే ప్లగ్ ధరకి ఎన్నో రెట్లు ఖర్చు. ముందు రబ్బరు క్యాప్ లాగి లోపల చూడండి. వాన మర్నాటి ట్రబుల్ చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది: క్యాప్ లోపల తడి, లేదా రాగి తీగ కొస పచ్చగా మారి ఉండడం. పొడి గుడ్డతో తుడిచి, తీగ కొసని అర సెంటీమీటర్ కోసేసి క్యాప్‌ని మళ్లీ తిప్పి బిగిస్తే కొత్త రాగి తగులుతుంది. క్యాప్ రబ్బరు చిట్లి ఉంటే మార్చేయడమే. వందా రెండొందల వస్తువు, దానికి టేపు చుట్టి లాభం లేదు.

ప్లగ్ బయటికి తీశాక దాని ముఖం చూడండి. తడిగా, పెట్రోలు వాసన కొడుతుంటే పెట్రోలు వస్తోంది, నిప్పురవ్వ పడట్లేదు. పొడిగా ఉంటే రవ్వ ఉన్నా పెట్రోలు అందట్లేదు. లేత గోధుమ రంగు ఉంటే మంచి లక్షణం. నల్ల మసి పట్టిందంటే గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ, అంటే ఎయిర్ ఫిల్టర్ చూడాలి. తెల్లగా కాలిపోయినట్టు ఉంటే పెట్రోలు తక్కువ వెళుతోంది. రవ్వ చూడాలంటే ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప ఒంటిని ఇంజిన్ లోహానికి ఆనించి కిక్ కొట్టాలి. ప్లగ్ తీసిన రంధ్రానికి దూరంగా ఆనించండి, అక్కడినుంచి పెట్రోలు ఆవిరి వస్తుంది. చేత్తో క్యాప్‌ని పట్టుకోకండి, షాక్ గట్టిగానే కొడుతుంది. ప్లగ్ కొసల మధ్య గ్యాప్ ఎంత ఉండాలో మీ బండి పుస్తకంలో ఉంటుంది. పాత రకాలకి 0.6 నుంచి 0.7, కొన్ని కొత్తవాటికి 0.8 నుంచి 0.9 మిల్లీమీటర్లు. బిగించేటప్పుడు వేళ్లతోనే చివరిదాకా తిప్పండి. వేళ్లకి రానంటే వంకరగా ఎక్కుతున్నట్టు, వెనక్కి తిప్పి మళ్లీ మొదలెట్టండి. ఆనిన తర్వాత కొత్త ప్లగ్‌కి పానాతో అర చుట్టు, పాతదానికి అందులో పావు వంతు. అంతకంటే బలం పెట్టొద్దు.

ప్లగ్, క్యాప్ బాగానే ఉంటే అప్పుడు కార్బొరేటర్ వైపు రండి. విప్పడానికి కాదు, అడుగు నీళ్లు వదలడానికి. కార్బొరేటర్ కింది గిన్నెకి చిన్న డ్రెయిన్ స్క్రూ, దానికి సన్నటి రబ్బరు గొట్టం ఉంటాయి. గొట్టం కొసని గాజు సీసాలో పెట్టి స్క్రూ రెండు చుట్లు వదులు చేయండి. ఇంజిన్ చల్లగా ఉండాలి, దగ్గర్లో నిప్పు, బీడీ ఉండకూడదు. వచ్చిన పెట్రోలుని పది నిమిషాలు కదపకుండా పెడితే నీళ్లు అడుగున బుడగల్లా గానీ పొరలా గానీ విడిగా కనపడతాయి. కనపడ్డాయా, ఇక సందేహం లేదు. స్క్రూ బిగించి, గిన్నె నిండేదాకా కొన్ని కిక్కులు ఊరికే కొట్టండి. చాలా స్కూటర్లలో పెట్రోలు వాల్వు ఇంజిన్ తిరిగితేనే తెరుచుకుంటుంది, అందుకే మొదటి కిక్కులకి లేవదు.

ఆ నీళ్లు ట్యాంకులోకి ఎలా వచ్చాయన్నది తర్వాతి ప్రశ్న. వానలో సీటు ఎత్తి పెట్రోలు పోయించుకోవడం ఒకటి. మూత రబ్బరు ఎండి పగలడం ఒకటి. కొండదారుల్లో సీసాల్లో అమ్మే పెట్రోలు మూడోది, తప్పనప్పుడు తప్ప పోయించుకోకండి. దీనికి తోడు ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. కొంత మేర కలుపుకునే ఉంటుంది గానీ, మోతాదు మించితే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి. బండి వారం పది రోజులు అలా నిలబడి ఉంటే ఇది బాగా తెలుస్తుంది. వానాకాలం ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి. లోపల ఖాళీ ఎంత ఎక్కువుంటే అంత తేమగాలి చేరుతుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధన) ఇంజెక్షన్ బండి, అంటే కార్బొరేటర్ లేనిది, ఉన్నవాళ్లకి ఇంకో జాగ్రత్త: పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. రిజర్వులో తిప్పడం అలవాటైతే పంపు పోతుంది, అది ఖరీదైన సరుకు.

ఎక్కుడులో లాగకపోవడానికి మొదటి అనుమానం ఎయిర్ ఫిల్టర్. ఎర్రమట్టి దుమ్ము, లారీల దుమ్ము తినే బండికి పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క పనికిరాదు. ఎండాకాలం చివర ఒకసారి తీసి చూడండి. జిగురు నూనె పట్టించిన కాగితం ఫిల్టర్ అయితే కడగకూడదు, గాలి కొట్టకూడదు, మార్చడమే. స్పాంజి రకమైతే సబ్బునీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, ఇంజిన్ ఆయిల్ కొంచెం పట్టించి పిండేసి పెట్టొచ్చు. ఫిల్టర్ డబ్బా అడుగున బిరడా పెట్టిన ఒక పారదర్శక గొట్టం వేలాడుతుంటుంది. దాన్ని పట్టించుకునేవాళ్లే ఉండరు. అందులో నూనె, నీళ్లు కలిసిన మడ్డి కనపడితే బిరడా లాగి వదిలేయండి. అర నిమిషం పని.

ఫిల్టర్ బాగుండి కూడా లాగకపోతే బండిని సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పండి. పట్టేసినట్టు తిరిగితే బ్రేక్ రాసుకుంటోంది. తేలిగ్గా తిరుగుతుంటే ఇంజిన్ బలాన్ని వెనక చక్రానికి చేర్చే బెల్టు వైపు చూడాలి. ఎక్సలరేటర్ ఇస్తే ఇంజిన్ అరుస్తూ బండి కదలకపోవడం బెల్టు జారడం. బయల్దేరేటప్పుడు గడగడమని వణకడం క్లచ్ షూలు గానీ, డ్రమ్ము గానీ. ఒక వేగం దగ్గర ఆగి ఆగి లాగడం రోలర్లు (బెల్టు ముందు పుల్లీలో ఉండే చిన్న బరువులు) ఒక పక్క అరిగి చదునైపోవడం. మీ బండి 40 వేలు దాటింది, బెల్టు ఒక్కసారీ మార్చకపోతే ఇప్పటికే ఆలస్యమైనట్టు. 20, 25 వేల మధ్య మారిస్తే ఘాట్ రోడ్డు మధ్యలో తెగే భయం ఉండదు. ఈ పని మాత్రం మెకానిక్‌కే వదిలేయండి. వేరియేటర్ (ఆ రోలర్లుండే ముందు పుల్లీ) నట్టుకి పట్టుకునే ప్రత్యేక పనిముట్టు కావాలి, సుత్తి, ఉలితో కొడితే రెక్కలు విరుగుతాయి. మీరు పక్కన నిలబడి మూడు చూసుకుంటే చాలు: రోలర్లు అన్నీ కలిపి సెట్టుగా మారుస్తున్నాడా, బెల్టు తాకే పళ్లాల మీద గ్రీజు పడకుండా తుడుస్తున్నాడా, బెల్టు మీది బాణం గుర్తు తిరిగే దిక్కుకి ఉందా.

టైర్లలో గాలి కూడా ఎక్కుడు మీద తెలుస్తుంది. యాక్టివా అయితే ముందు 22, వెనక ఒక్కరికి 29, ఇద్దరికి 36 పీఎస్ఐ. మిగతావాటికి స్టిక్కర్ మీద చూడండి. చల్లటి టైరుకే కొట్టించాలి.

దిగుడు గురించి అడగలేదు గానీ తప్తపాణి పేరు ఎత్తారు కాబట్టి చెబుతున్నా. స్కూటర్‌కి గేర్లు లేవు, ఇంజిన్ పట్టు తక్కువ. వేగం బాగా తగ్గితే క్లచ్ వదిలేసి బండి ఊరికే జారుతుంది. పెట్రోలు ఆదా అని ఇంజిన్ ఆపి దిగేవాళ్లున్నారు, అది వద్దే వద్దు. ఒక బ్రేకే పట్టుకుని దిగితే డ్రమ్ము వేడెక్కి లీవర్ నొక్కినా ఆగదు. రెండూ కలిపి, పట్టి వదులుతూ దిగండి. కాలిన వాసన వస్తే ఆపి చల్లారనివ్వండి, నీళ్లు పోయకండి.

ముందు బ్రేక్ కీచుమనడం వాన తర్వాత డ్రమ్ములో పట్టిన పల్చటి తుప్పుదైతే, మొదటి అర కిలోమీటర్ మెల్లగా బ్రేక్ ఆనిస్తూ నడిపితే పోతుంది. పోకపోతే చక్రం విప్పి చూడాల్సిందే. అంతకంటే ముందు బ్రేక్ ప్లేటు మీద బాణం గుర్తు చూడండి. లీవర్ పూర్తిగా నొక్కినప్పుడు అది గీతకి చేరిందంటే షూలు అయిపోయాయి. చేరకపోతే షూల మీది మెరుపుని సాండ్ పేపర్‌తో గరుకు చేసి, డ్రమ్ముని తడి గుడ్డతో తుడిచి, షూలని విప్పారేలా తిరిగే క్యామ్‌కి మాత్రం గ్రీజు ఓ చుక్క. దుమ్ముని నోటితో ఊదకండి, ఊపిరితిత్తులకి మంచిది కాదు. తుప్పు స్ప్రే పొరపాటున కూడా అటు కొట్టకండి. లీవర్ కొస దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్లు వదులు ఉండేలా నట్టు తిప్పుకోవాలి. ఎడమ లీవర్ నొక్కితే రెండు బ్రేకులూ పట్టే రకమైతే వెనక నట్టు ఒక్కటే బిగించేసి ఊరుకుంటే సమానం తప్పుతుంది, ముందుదీ చూసుకోవాలి.

ఇంజిన్ ఆయిల్ 10డబ్ల్యూ-30, డబ్బా మీద జాసో ఎంబీ (స్కూటర్ ఆయిల్‌కి జపాన్ ప్రమాణం గుర్తు) అని ఉన్నది. మోటారుసైకిల్ ఎంఏ ఆయిల్ పోసినా బండి పాడవదు, కాకపోతే ఎంబీ దీనికోసమే చేసింది. 110 సీసీకి 700 నుంచి 800 మిల్లీలీటర్లు పడుతుంది, లీటరు డబ్బా మొత్తం పోసేయకండి. డ్రెయిన్ బోల్టు వాషర్ ప్రతిసారీ కొత్తది. వానాకాలంలో చిన్న చిన్న దూరాలే తిరిగే బండికి డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) పైభాగాన తెల్ల నురగ కనపడుతుంది, అది తేమ. ఒక అరగంట ఏకబిగిన నడిపితే ఆరిపోతుంది. మొత్తం ఆయిలే పాలు పోసిన టీ రంగుకి మారితే నీళ్లు లోపలికి వెళ్లినట్టు, వెంటనే మార్చాలి. వెనక గేర్ ఆయిల్ అడిగి మరీ మార్పించుకోండి. 100, 120 మిల్లీలీటర్లే, అందుకే చాలా సర్వీసుల్లో దాని జోలికే పోరు.

వరదనీళ్లలో బండి మునిగితే, 2018 అక్టోబరు తిత్లీ తుపానుకి మన జిల్లాలో చాలా బళ్లకి జరిగినట్టు, సెల్ఫ్ నొక్కకండి, కిక్ కొట్టకండి. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ రాడ్డు వంగుతుంది. బ్యాటరీ మైనస్ విప్పి, ప్లగ్ తీసి, అప్పుడు కిక్ మెల్లగా తొక్కితే నీళ్లు ప్లగ్ రంధ్రంలోంచి చిమ్ముతాయి. తర్వాత ఆయిల్, గేర్ ఆయిల్, పెట్రోలు వదిలేసి, బెల్టు డబ్బా తెరిపించి ఆరబెట్టాకే స్టార్ట్ చేయడం. కడిగే చోట పంపు నీళ్లు కూడా బెల్టు గాలి దారికీ, ప్లగ్ వైపుకీ, తాళం రంధ్రానికీ కొట్టనివ్వకండి.

మీ బండికి ముందు ప్లగ్ క్యాప్, తర్వాత గిన్నె నీళ్లు, ఆ తర్వాత బెల్టు. సీసా అడుగున ఏం కనపడిందో, ప్లగ్ ముఖం ఏ రంగులో ఉందో రాయండి, బెల్టు వైపు వెళ్లాలో వద్దో అప్పుడు చెప్పొచ్చు.