పేరు దగ్గర ఆగిన పాఠకుడికి

అమ్మాయీ,

నీ రెండు వ్యాసాలూ చదివాను. ఒకటి డిసెంబరు 1న ఎయిడ్స్ దినానికి, రెండోది ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరిగే అగ్నిమాపక వారోత్సవాలకి. పత్రికవాళ్లు తేదీ చెప్పి, అరపేజీ ఇచ్చి రాయమన్నారనీ, ఇలాంటి అవగాహన వ్యాసాలు రాసుకుంటూ పోతే ఎప్పటికి రచయిత్రినవుతానా అని టెన్షన్‌గా ఉందనీ రాశావు. ఆ టెన్షన్ వద్దు. కథ బాగాలేకపోతే పాఠకుడు పేజీ తిప్పేస్తాడు, అంతటితో సరి. ఇలాంటి వ్యాసంలో ఒక్క ముక్క తప్పు రాస్తే ఎక్కడో ఒక ఇంట్లో భర్త పోయిన కోడలికి కంచం, మంచం వేరు చేస్తారు. సరిగ్గా రాస్తే ఎవరో ఒకావిడ మండుతున్న నూనె మీద నీళ్లు పోయబోయి ఆగుతుంది. ఇంత పని చేసే రాతని చిన్నచూపు చూడకు.

ముందు మొదటి వ్యాసం సంగతి. హెచ్‌ఐవీ సోకిన ప్రముఖులు అని పెట్టి వరసగా రాసుకుంటూ పోయావు. హాలీవుడ్ నటుడు రాక్ హడ్సన్, గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ, బాస్కెట్‌బాల్ ఆటగాడు మ్యాజిక్ జాన్సన్, టెన్నిస్ ఆటగాడు ఆర్థర్ ఆష్. ఒక్కొక్కరికి నాలుగేసి వాక్యాలు. తేదీలు సరిచూశాను, తప్పుల్లేవు. హడ్సన్ 1985 జులైలో ప్యారిస్‌లో ఉండగా విషయం బయటికొచ్చింది, అక్టోబరు 2న పోయాడు. మెర్క్యురీ 1991 నవంబరు 23న ప్రకటన ఇచ్చాడు, మర్నాడే పోయాడు. మెర్క్యురీ పార్సీ కుటుంబంలో పుట్టాడనీ, మన పంచగనిలో చదువుకున్నాడనీ రాయడం బాగుంది. కానీ మొత్తం చదివాక నాకు తెలిసింది ఒక్కటే, గొప్పవాళ్లకి కూడా ఈ జబ్బు వస్తుందని. అది చెప్పడానికి నలుగురెందుకు? పెద్ద పేరు చేసే పని పాఠకుణ్ణి ఆపడం వరకే. ఆగినవాడికి ఏం చెప్పాలో అది నీ పని.

మ్యాజిక్ జాన్సన్‌ని తీసుకో. 1991 నవంబరు 7న, 32 ఏళ్ల వయసులో, బీమా కోసం చేసిన రక్తపరీక్షలో హెచ్‌ఐవీ బయటపడిందని చెప్పి బాస్కెట్‌బాల్ నుంచి తప్పుకున్నాడు. అప్పటిదాకా అమెరికాలో చాలామంది ఇది స్వలింగ సంపర్కుల జబ్బు, మత్తు సూదులు వాడేవాళ్ల జబ్బు, మనదాకా రాదు అని నిశ్చింతగా ఉన్నారు. ఆడవాళ్లతో సంబంధాల వల్లే తనకి సోకిందని అతను చెప్పేసరికి పరీక్షలు చేయించుకునేవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. మర్నాటి ఏడాది బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఆడి బంగారు పతకం గెలిచాడు. నువ్వు ఆ పతకం దగ్గర అతని కథ ముగించావు.

నేనైతే పతకం దాటి ఇంకో రెండు నెలలు ముందుకెళతాను. ఆ శరదృతువులో మళ్లీ తన పాత జట్టు లేకర్స్ తరఫున ఆడదామని వచ్చాడు. సీజన్‌కి ముందు జరిగే ఒక మ్యాచ్‌లో అతని చేతి మీద చిన్నగా గీసుకుంది. గోరు తగిలితే పడేలాంటి గీత. ఆట ఆగింది. జట్టు ట్రైనర్ గ్యారీ విటీ గ్లవ్స్ వేసుకోకుండానే ఆ గీత తుడిచి కట్టు కట్టాడు. ప్రమాదం లేదని తోటి ఆటగాళ్లకి తనే చెప్పి ఉన్నాడు కాబట్టి, వాళ్ల ముందు గ్లవ్స్ వేసుకుంటే చెప్పిన మాటకి విలువుండదని అలా చేశాడు. అయినా భయం పోలేదు. అతనితో ఆడటానికి జంకుతున్నామని కొందరు ఆటగాళ్లు పత్రికలకే చెప్పారు. నవంబరు మొదట్లో జాన్సన్ మళ్లీ తప్పుకున్నాడు. ఒలింపిక్ పతకం పోగొట్టలేని భయం అది.

నీ వ్యాసం మొదలవ్వాల్సింది ఆ గీత దగ్గర. ఎందుకంటే నీ పాఠకుడి మనసులో ఉన్న ప్రశ్న కూడా అదే. బడిలో పిల్లలు ఆడుకుంటూ గీసుకుంటే? ఒకే గ్లాసుతో నీళ్లు తాగితే? దోమ కుడితే? పక్కన కూర్చుంటే? వీటిలో దేనివల్లా రాదని అక్కడే చెప్పు. కండోమ్ లేకుండా జరిగే లైంగిక సంబంధం, పరీక్ష చెయ్యని రక్తం, ఒకరు వాడిన సూది ఇంకొకరు వాడటం, తల్లి నుంచి బిడ్డకి. వచ్చే దారులు ఇవీ అని సిగ్గుపడకుండా, గొంతు తగ్గించకుండా చెప్పు. ఒకప్పుడు మన రోడ్ల మీద "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని పెద్ద పెద్ద బోర్డులు పెట్టారు, నువ్వు అప్పుడు పసిపిల్లవి. ప్రతి టీ కొట్టు దగ్గరా ఆ ప్రశ్న నలిగింది. నాకు తెలిసినవాళ్లలో ఇప్పటికీ ఆ పేరు గుర్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు, జవాబు వివరంగా చెప్పగలిగినవాళ్లు తక్కువ. ఆసక్తి పుట్టించడం ఒక విద్య. అది పుట్టాక జవాబు చెప్పడం ఇంకో విద్య, అందులోనే మనం వెనకబడతాం.

ఇంకో మాట. జాన్సన్ మూడు దశాబ్దాలు దాటినా బతికే ఉన్నాడు అని రాస్తే, డబ్బున్నవాడు కాబట్టి బతికాడు అంటాడు మన పాఠకుడు. ఆ మాట వాడి నోట రాకముందే నువ్వు అందుకోవాలి. 1996లో రెండు మూడు మందులు కలిపి వాడే చికిత్స వచ్చాక ఈ జబ్బు తీరే మారిపోయింది. మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో వైరస్‌ని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తున్నారు. 2017 నుంచి పాజిటివ్ అని తేలిన అందరికీ, జబ్బు ముదిరేదాకా ఆగకుండా, వెంటనే మొదలుపెడుతున్నారు. రోజూ తప్పకుండా మందు వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకి కూడా దొరకనంత తగ్గి అలాగే ఉన్న మనిషి నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదు. గర్భిణి వేళకి మందులు వాడితే బిడ్డకి సోకే అవకాశం చాలా చాలా తగ్గిపోతుంది. నీ వ్యాసంలో ఇవేవీ లేవు. మూడు చావుల తేదీలు మాత్రం ఉన్నాయి. భయపడినవాడు పరీక్షకి వెళ్లడమ్మా, దాక్కుంటాడు.

ఇక ఆర్థర్ ఆష్. ఇక్కడ నీతో కాస్త గట్టిగా మాట్లాడాలి. "ధైర్యంగా ప్రపంచానికి వెల్లడించారు" అని రాశావు. జరిగింది అది కాదు. 1975లో వింబుల్డన్ గెలిచినవాడు. 1983లో గుండె ఆపరేషన్ తర్వాత రక్తం ఎక్కించారు. దానం చేసిన రక్తానికి హెచ్‌ఐవీ పరీక్ష చెయ్యడం అమెరికాలో 1985లో గానీ మొదలుకాలేదు. 1988లో కుడిచెయ్యి పట్టు తప్పితే ఆసుపత్రికి వెళ్లాడు, అప్పుడు తెలిసింది. భార్యకి, డాక్టర్లకి, బాగా దగ్గరివాళ్లకి మాత్రమే చెప్పాడు. వాళ్లందరూ ఏళ్ల తరబడి కడుపులో పెట్టుకుని కాపాడారు. ఇంట్లో చిన్న కూతురు ఉంది. 1992 ఏప్రిల్‌లో ఒక పెద్ద పత్రిక విలేకరి, అదీ చిన్నప్పటి నుంచి తెలిసినవాడు, వచ్చి నిజమేనా అని అడిగాడు. రేపో మాపో అచ్చవుతుందని అర్థమైంది. ఎవరో రాసేకంటే నేనే చెబుతానని ఏప్రిల్ 8న న్యూయార్క్‌లో విలేకరుల ముందు కూర్చున్నాడు. రాసుకొచ్చిన కాగితంలో కూతురి మాట వచ్చేసరికి గొంతు పూడుకుపోయింది. పక్కనున్న భార్య కాగితం అందుకుని ఆ భాగం చదివింది.

దీన్ని ధైర్యంగా వెల్లడించడం అని మనం రాస్తే, నోరు విప్పక తప్పని స్థితికి తెచ్చినవాళ్ల పని మంచిదే అన్నట్టు అవుతుంది. ఆ తర్వాత బతికిన పది నెలల్లో అతను చేసిన పని గొప్పది, దాన్ని రాయి. ఎయిడ్స్ మీద పోరుకి ఒక ఫౌండేషన్ పెట్టాడు, ఆ డిసెంబరు 1న ఐక్యరాజ్యసమితిలో మాట్లాడాడు. 1993 ఫిబ్రవరి 6న పోయాడు. అవన్నీ రాస్తూనే, ఆ ఏప్రిల్‌లో అతని దగ్గర్నుంచి ఏం లాక్కున్నారో కూడా రాయి.

అందుకే నీ వ్యాసం చివర మన సినిమావాళ్లలో ఒకరి గురించి "వినికిడి" అని పెట్టిన పేరా నేను కొట్టేశాను. దాని పైన మీ ఊరి ఆవిడ గురించి రాసిన పేరా కూడా. పేరు రాయలేదు కదా అంటావు. ఊరు, వీధి, మిషన్ కుట్టే పని, ఇద్దరు ఆడపిల్లలు, లారీ డ్రైవర్‌గా చేసి పోయిన భర్త. ఇన్ని రాశాక పేరెందుకు? మర్నాటి నుంచి ఆవిడ దగ్గర జాకెట్టు ఎవరు కుట్టించుకుంటారు? 2017లో వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మనిషి ఒప్పుకోకుండా ఆ సంగతి బయటపెట్టడం ఆ చట్టం ప్రకారం తప్పు. చట్టం లేకపోయినా మనం రాయకూడదు.

మన దేశంలోంచి ఒక పేరు కావాలంటే గోవాలో డొమినిక్ డిసౌజా ఉన్నాడు. రక్తదానం చేసేవాడు. 1989లో ఆ రక్తంలో హెచ్‌ఐవీ తేలిందని పోలీసులు వచ్చి పట్టుకెళ్లారు. పాత క్షయ ఆసుపత్రిలో 64 రోజులు నిర్బంధించారు. నేరం ఏమీ లేదు. కన్నతల్లి కోర్టుకెక్కింది. అతను ముందు ప్రముఖుడేం కాదు, మనం చేసిన పని వల్ల ప్రముఖుడయ్యాడు. నీ జాబితాలో నలుగురికి బదులు ఇతనొక్కణ్ణి పెట్టినా వ్యాసం నిలబడుతుంది.

రెండో వ్యాసానికి వద్దాం. అందులో హెచ్‌ఐవీ ఎలా రాదో చెప్పాలి, ఇందులో పొగ ఎలా వస్తుందో చెప్పాలి. నువ్వు 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తి బేళ్లూ పేలుడు సామగ్రీ ఉన్న ఓడ అంటుకుని పేలడం, 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోవడం, వాళ్ల జ్ఞాపకంగానే ఈ వారోత్సవాలు రావడం చక్కగా రాశావు. ఆ తర్వాత ప్రమాదాల పట్టిక, పక్కన మృతుల సంఖ్య. కింద కరపత్రంలోంచి తీసుకున్న పది జాగ్రత్తలు. పది జాగ్రత్తలు ఎవరికీ గుర్తుండవు. కారణం తెలిస్తే ఒక్కటి చాలు, మిగతావి మనిషి తనే ఊహించుకుంటాడు.

ఢిల్లీ ఉపహార్ సినిమాహాలు. 1997 జూన్ 13, మధ్యాహ్నం ఆట. మంట పుట్టింది కింద, పార్కింగ్‌లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. దానికి ఆ ఉదయమే మరమ్మతు చేశారు. నూనె కారి అంటుకుంది, కార్లు అంటుకున్నాయి. కింది హాల్లోవాళ్లు చాలావరకు బయటపడ్డారు. పొగ మెట్ల దారినే పైకెక్కి బాల్కనీలోకి వచ్చింది. లైట్లు పోయాయి. మైకులో హెచ్చరిక లేదు. బాల్కనీకి ఉండాల్సిన ఒక దారి, అదనంగా వేసిన సీట్ల వల్ల మూసుకుపోయి ఉంది. 59 మంది చనిపోయింది మంటకి కాదు, పొగకి. ఇద్దరు పిల్లల్నీ అక్కడ పోగొట్టుకున్న నీలం, శేఖర్ కృష్ణమూర్తి దంపతులు మిగతా కుటుంబాలని కూడగట్టి రెండు దశాబ్దాలకి పైగా కోర్టుల చుట్టూ తిరిగారు. ఆ సీట్లు అక్కడెలా వచ్చాయి, ఎవరు ఒప్పుకున్నారు అని అడుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు మన దగ్గరికి రా. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూం, పైన లాడ్జి. 8 మంది పోయారు. 2023 నవంబరులో నాంపల్లిలో కింద కెమికల్ డ్రమ్ములు, పైన కాపురాలు. కనీసం 9 మంది. 2025 మే 18 తెల్లవారిన కాసేపటికి గుల్జార్ హౌజ్ దగ్గర, లోపలికీ బయటికీ ఒకటే ఇరుకు దారి ఉన్న ఇంట్లో 17 మంది, అందులో 8 మంది పిల్లలు. కింద మంట, పైన చావు. మెట్లదారి పొగగొట్టంలా పనిచేస్తుంది. ఈ ఒక్క సంగతి పాఠకుడి బుర్రకెక్కితే, లిఫ్ట్ ఎందుకు ఎక్కకూడదో, పొగలో వంగి నేలబారుగా ఎందుకు పాకాలో, మెట్లు పొగతో నిండితే గదిలోకి వెనక్కెళ్లి తలుపేసి సందుల్లో తడిగుడ్డ కుక్కి కిటికీ దగ్గర ఎందుకు నిలబడాలో వేరే చెప్పక్కర్లేదు.

నువ్వుండే అపార్ట్‌మెంట్ మెట్లమీద ఒకసారి పైనుంచి కిందకి దిగు, నోట్‌బుక్ పట్టుకుని. డాబా తలుపుకి తాళం ఉందా, తాళంచెవి ఎవరి దగ్గరుంది? ప్రతి అంతస్తులో ఏం పెట్టారు? చెప్పుల స్టాండు, పాత సోఫా, పిల్లల సైకిలు, ఊరి నుంచి తెచ్చిన బియ్యం బస్తాలు, ఖాళీ సిలిండరు. గోడకున్న, మంటలార్పే ఎర్ర సిలిండరు మీద చిన్న ముల్లు ఉంటుంది చూడు, ఆకుపచ్చ గీతలో ఉందా, కింద పడిపోయిందా? రీఫిల్ చేసిన తేదీ చీటీ మీద చదవడానికైనా వస్తోందా? కింద మీటర్ బోర్డుల పక్కనే ఎన్ని స్కూటర్లు చార్జింగ్ పెట్టారు? ఇది ఉన్నదున్నట్టు రాయి. నీ పట్టిక చదివి అయ్యో పాపం అనుకునేవాడు, ఇది చదివాక లేచి తన ఇంటి తలుపు తీసి మెట్ల వైపు చూస్తాడు.

వంటింటి విషయాలు క్లుప్తంగా చాలు. బాణలిలో నూనె అంటుకుంటే స్టవ్ ఆపి మూత పెట్టాలి, నీళ్లు పొయ్యకూడదు. గ్యాస్ వాసన వస్తే స్విచ్ వెయ్యకూడదు, తియ్యకూడదు. రెగ్యులేటర్ కట్టేసి తలుపులు, కిటికీలు తెరవాలి. కాలిన చోట ఇంకు, టూత్‌పేస్టు పూయడం మన ఇళ్లలో ఇంకా ఉంది, దాన్ని తప్పకుండా రాయి: ఇరవై నిమిషాలు కుళాయి నీటి ధార కింద పెట్టి, ఆసుపత్రికి వెళ్లాలి. ఫోన్ నంబరు 101.

తిరగరాసే ముందు రెండు చోట్లకి వెళ్లిరా. మీ ఊరి ఫైర్ స్టేషన్‌కి వెళ్లి, ఫైరింజన్ పట్టని సందులు ఏవో, ఫోన్ చేసినవాళ్లు కంగారులో ఏం చెప్పడం మర్చిపోతారో అడుగు. ప్రభుత్వాసుపత్రిలో హెచ్‌ఐవీ కౌన్సెలర్‌ని కలిసి, పరీక్షకి వచ్చినవాళ్లు మొట్టమొదట అడిగే ప్రశ్న ఏమిటో కనుక్కో. రోగులు కూర్చునే చోట ఎవరి ముఖంలోకీ చూస్తూ నిలబడకు, ఫోన్ బ్యాగులోనే ఉంచు. వ్యాసం ఆలస్యమైతే పత్రికవాళ్లతో నేను మాట్లాడతాను. ముందు మెట్ల మీద రాసుకున్న నోట్సు పంపు, వ్యాసం తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు