నొప్పి చేతులకు కొత్త డిజైన్లు ఎక్కడ దొరుకుతాయి?

కీళ్ల నొప్పులున్నా కుట్టుపని మానలేని వాళ్లకు కొత్త ఆలోచనలు ఎక్కడి నుంచి వస్తాయని అడిగారు. నన్నడిగితే పాత చీరల పెట్టెలోంచి. ఫోన్‌లో కుట్టు వీడియోలు చూస్తే నాకైతే రావు. నాకు పదకొండేళ్లుగా రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు. పొద్దున లేచాక గంటన్నర దాకా వేళ్లు ముడుచుకోవు, పాల ప్యాకెట్ పళ్లతో చింపాల్సిందే. ఆ వీడియోల్లోని సన్న కుట్లు నొప్పి లేని చేతుల కోసం. అవి చూసిన రోజంతా నాకు దిగులే మిగిలేది.

అమ్మ పోయిన మరుసటి ఏడాది, బెజవాడలో వానలు పట్టిన రోజుల్లో, ఒక రాత్రి మణికట్టు పోటుకి నిద్ర పట్టలేదు. లేచి అమ్మ మంగళగిరి చీర మంచం మీద పరిచాను. ఆకుపచ్చ నూలు, నిజాం అంచు. కుచ్చిళ్ల దగ్గర బట్ట పల్చబడి కింద దుప్పటి పువ్వులు కనిపిస్తున్నాయి. భుజం మీద ఏళ్ల తరబడి పిన్నీసు గుచ్చిన చోట పదిహేను దాకా చిన్న చిల్లులు. వేలితో తడుముతుంటే ముగ్గు చుక్కల్లా తోచాయి. ధనుర్మాసంలో అమ్మ వాకిట్లో వేసే మెలికల ముగ్గు కళ్ల ముందుకొచ్చింది. వెంటనే పసుపు దారం తీసి వాటి చుట్టూ మెలికలు తిప్పడం మొదలుపెట్టాను. చిన్న కుట్టు నా చేతికి రాదు కాబట్టి బొంత కుట్టే పెద్ద సూదితో చింతగింజంత కుట్లు వేశాను. సూది లాగే పట్టు చాలక బొటనవేలికి పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకున్నాను. ఇరవై నిమిషాలు కుడితే రెండు రోజులు ఆపాలి. ఆ భుజం ముక్క అయ్యేసరికి సంక్రాంతి వచ్చింది. ఇప్పుడది మా బొంతకి నడిమధ్యన ఉంది.

కుట్టు వంకర పోయిందని మొదట్లో సిగ్గుపడేదాన్ని. ఆ సిగ్గు పోయింది కలంకారీ అచ్చులు వేసే పెడన ఊళ్లో. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డ మీద టేకు అచ్చు పెట్టి పిడికిలితో గుద్దుతుంటే చూశాను. అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు కాస్త జరుగుతుంది, చేతి పని అని దాన్నిబట్టే తెలుస్తుంది. స్క్రీన్ ప్రింటు గుడ్డని కలంకారీ అని అమ్మేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేనూ ఒకసారి అలాగే మోసపోయాను. తుప్పు ఇనుము, బెల్లం పులియబెట్టి అసలు కలంకారీకి నలుపు రంగు తీసేవాళ్ల కష్టం ఏం కావాలి?

ఇంకో మాట. "చేతులు నొప్పులంటూ మళ్లీ ఈ కుట్లెందుకు" అనే చుట్టాలకు జవాబు చెప్పకండి. అది చెప్పే ఓపికతో ఒక వరస కుట్టుకోవచ్చు.

ఈ వారం కుడి చెయ్యి వాచింది. అయినా మా అబ్బాయి చేత నాలుగు సూదుల్లో దారం ఎక్కించి పెట్టుకున్నాను. పక్కన మా పిన్ని ఇచ్చిన వంకాయరంగు చీర ఉంది, కొంగు చివర ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చతో.