డేటాబేస్ ఇంజనీరును ఎంచుకునే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

అనుభవమున్న బ్యాకెండ్ డేటాబేస్ ఇంజనీరు కోసం చూస్తున్నామని, ఇంటర్వ్యూలో ఏమి అడగాలో చెప్పమని రాశావు. పజిళ్లు పక్కన పెట్టు. నాలుగు వారాలు సాధన చేస్తే వాటికి ఎవరైనా జవాబు చెప్పగలరు. నడుస్తున్న డేటాబేసు మీద చెయ్యి వేసేటప్పుడు ఆ మనిషికి ఎంత జాగ్రత్త ఉందన్నదే నువ్వు తెలుసుకోవాలి.

అందుకు నేను వాడే పద్ధతి ఇది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో నెమ్మదిగా నడిచిన ఒక క్వెరీకి (డేటా కోసం వేసే ప్రశ్నకు), అది ఎలా నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ ఆదేశం ఇచ్చిన ప్లాన్‌ను కాగితం మీద ముద్రించి ముందు పెడతాను. అందులో ఒకచోట ప్లానర్, అంటే క్వెరీని ఏ దారిలో నడపాలో నిర్ణయించే భాగం, 10 వరుసలే వస్తాయని అంచనా వేసి, కొద్ది వరుసలకే సరిపడే నెస్టెడ్ లూప్ పద్ధతిని ఎంచుకోగా, నిజంగా వచ్చినవి 4 లక్షలు. చూసీ చూడకుండానే ఇండెక్స్ (వరుసలను త్వరగా వెతికిపెట్టే సూచిక) వేద్దామనేవారు చాలామందే ఉంటారు. పని తెలిసినవారు మాత్రం ఆ రెండు అంకెల దగ్గర వేలు పెట్టి, ప్లానర్ అంచనాలకు ఆధారమైన ఈ టేబుల్ గణాంకాలు చివరిసారి ఎప్పుడు తాజా అయ్యాయని అడుగుతారు. ఇండెక్స్ నిజంగానే అవసరమైతే, మామూలుగా వేస్తే అది పూర్తయ్యేదాకా ఆ టేబుల్‌లోకి రాతలు ఆగిపోతాయని, అందుకే రాతలను ఆపకుండా ఇండెక్స్ కట్టే కాన్‌కరెంట్‌లీ అనే పద్ధతి వాడాలని, ఆపైన ప్రతి రాతకూ ఆ ఇండెక్స్ భారం తప్పదని వారే చెబుతారు.

ట్రాన్సాక్షన్ల (మొత్తంగా జరగాల్సిన, లేదా అసలే జరగకూడని మార్పుల కట్టల) గురించి ఒక్క ప్రశ్న చాలు: మిగిలిన ఒకే ఒక్క వస్తువును ఇద్దరు ఒకేసారి కొంటే ఏమవుతుంది? ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లు ఒకదాని మార్పులను మరొకటి ఎంతవరకు చూడగలవో తేల్చే ఐసొలేషన్ స్థాయి, ఎవరూ మార్చకపోతే, పోస్ట్‌గ్రెస్‌లో రీడ్ కమిటెడ్, మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేసు వాడే ఇన్నోడీబీలో రిపీటబుల్ రీడ్ కనుక, ముందు ఏ డేటాబేసో అడిగి తెలుసుకునేవారిని నేను ఇష్టపడతాను.

బ్యాకప్‌ల సంగతి మాత్రం తప్పక అడుగు. ఒకప్పుడు అన్నిటికీ చక్కగా జవాబిచ్చిన ఒకరిని తీసుకుని, ఇది అడగడం మరిచాను. రోజూ బ్యాకప్ తీస్తూనే ఉన్నారు గాని, ఒక్కసారైనా దాన్ని తిరిగి ఎక్కించి చూడలేదు. ఒక టేబుల్ పొరపాటున చెరిగిపోయిన రోజున తెరిస్తే, డిస్కు నిండిపోయి ఫైళ్లన్నీ సగంలోనే ఆగిపోయి ఉన్నాయి. పోయిన వరుసలను లాగ్ ఫైళ్లలోంచి (జరిగిన పనుల నమోదుల్లోంచి) ఏరి కూర్చడానికి మాకు పదకొండు రోజులు పట్టింది. కనుక బ్యాకప్ తీస్తారా అని కాదు, చివరిసారి ఎప్పుడు రిస్టోర్ చేసి చూశారు, ఎంతసేపు పట్టింది అని అడుగు.

ఇక ఆఫర్ ఇచ్చే ముందు మీ డేటాబేసు ఇప్పుడున్న స్థితిని, అది మొరాయిస్తే సరిచేయమని రాత్రి పూట పిలుపులు ఎన్ని వస్తాయో సహా, దాచకుండా వారికి చెప్పు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి